తీర్పు వచ్చేసరికి పేట లేదు: సులుకులే రోమాల పోరాటం వెనుక

టర్కీలోని ఇస్తాంబుల్ పాత కోటగోడను ఆనుకుని, ఫాతిహ్ మున్సిపాలిటీలో ఉండేది సులుకులే పేట. జిప్సీలని పిలిచే రోమాల మూలాలు ఉత్తర భారతంలో ఉన్నాయని వాళ్ల భాషే చెబుతుంది. వాళ్లు తరతరాలుగా స్థిరపడిన పాత పేటల్లో ఇదొకటి. ఇక్కడి కుటుంబాల బతుకుతెరువు పాట, ఆట, వాద్యం. ఇళ్లలోనే నడిచే వినోదశాలలను 1990ల ఆరంభంలో పోలీసులు మూయించారు. రాబడి పోయింది, ఇళ్లకు మరమ్మతులూ ఆగాయి. ఆ తర్వాత పేట శిథిలమైందన్న కారణం చూపి పేటనే తీసేశారు.

అందుకు వాడింది 2005 నాటి టర్కీ చట్టం, నంబరు 5366. పాడైన చారిత్రక ప్రాంతాల 'పునరుద్ధరణ' దాని ఉద్దేశమట! దాని కిందే 2006లో సులుకులేను పునరుద్ధరణ ప్రాంతంగా ప్రకటించారు. ఆ ఏడాదే ఫాతిహ్ మున్సిపాలిటీ, మహానగర పాలక సంస్థ, ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ టోకి ఒప్పందం చేసుకున్నాయి. వెంటనే అత్యవసర భూసేకరణ ఉత్తర్వు. మామూలు సేకరణలో ముందు బేరం, తర్వాత కోర్టు. అత్యవసరంలో కోర్టు ఏడు రోజుల్లో విలువ కట్టించి, ఆ సొమ్ము బ్యాంకులో జమ కాగానే స్థలం స్వాధీనమవుతుంది. మిగతా తగువు తర్వాత తేల్చుకోవాలి. దేశ రక్షణ లాంటి అవసరాల కోసం పెట్టిన నిబంధన అది. మన 1894 భూసేకరణ చట్టంలో అత్యవసర సేకరణకు వీలిచ్చిన సెక్షన్ 17 గుర్తున్నవారికి ఈ దారి కొత్తేమీ కాదు.

సొంత ఇల్లున్నవారు పాత విలువకూ కొత్త ఇంటి ధరకూ ఉన్న తేడా కడితే అక్కడే ఉండొచ్చన్నారు. కట్టలేనివారు చాలామంది కూల్చివేతకు ముందే బయటివాళ్లకు అమ్ముకున్నారు. అద్దెదారులకు ఊరికి దాదాపు 40 కిలోమీటర్ల దూరంలోని తాషొలుక్‌లో టోకి ఫ్లాట్లు చూపారు, 15 ఏళ్ల వాయిదాల మీద. లెక్క తప్పింది ఇక్కడే. పెళ్లిళ్లలో వాయించేవాడికీ, తోపుడుబండివాడికీ నెలజీతం ఉండదు. వాయిదాకు తోడు గ్యాస్ బిల్లు, నగరానికి బస్సు ఖర్చు. కొద్ది నెలల్లోనే ఎక్కువమంది ఫ్లాట్లు వదులుకుని పాత పేట పక్కనున్న కరగుమ్రుక్ వంటి చోట్ల అద్దెకు చేరారు.

రోమా సంఘం, ఆర్కిటెక్టులు, ప్లానర్లు, విద్యార్థులు కలిసి 2007లో 'సులుకులే వేదిక' అనే బృందంగా ఏర్పడ్డారు. నలభై పగళ్లూ నలభై రాత్రులూ అంటూ కార్యక్రమాలు నడిపారు. ఉన్న ఇళ్లను బాగుచేసే ప్రత్యామ్నాయ ప్రణాళిక గీశారు. యునెస్కో దాకా వెళ్లారు. ఆ కోటగోడ ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది మరి. కోర్టులో కేసు కూడా వేశారు. అయినా 2008, 2009ల్లో పేట నేలమట్టమైంది.

ప్రాజెక్టును పాలనా కోర్టు రద్దు చేసింది 2012లో. అప్పటికే కొత్త ఇళ్లు లేచాయి. మొదట్లోనే కూల్చివేతపై స్టే వచ్చి ఉంటే ఆ తీర్పు ఇళ్లను కాపాడేది. అదే 5366 చట్టం కింద ఇస్తాంబుల్‌లోనే బెయొగ్లు మున్సిపాలిటీలోని తర్లాబాషి పేటలో కుర్దులు, రోమాలు ఉండే వీధులను ఖాళీ చేయించబోయినప్పుడు, 2008లో అక్కడివాళ్లు యజమానులనూ అద్దెదారులనూ ఒకే సంఘంలో చేర్చుకున్నారు.