ఖయామత్ (ప్రళయం) తారీఖు అడిగితే ప్రవక్త ఏం చెప్పారు?

1979 జులైలో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందని తెలంగాణ పల్లెలు వణికిపోయాయి. ఎట్లాగూ పోయేదే కదా అని ఇంట్లో ఉన్న కోళ్లు, మేకలు కోసుకు తిన్నవాళ్ల ముచ్చట్లు పాలమూరు, నల్గొండ వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ నవ్వుకుంటూ చెప్తారు. చివరికి అది హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియా పడమటి అంచున ముక్కలై పడింది.

ఆ ఏడాదే నవంబరు 20న మక్కాలోని మస్జిదె హరామ్‌ను సాయుధులు ఆక్రమించారు. ఆ రోజు ముస్లింల క్యాలెండరు హిజ్రీ లెక్కన 1400 సంవత్సరాది. జుహైమాన్ అల్ ఉతైబీ నడిపిన ఆ గుంపు, తమలోని ముహమ్మద్ అల్ ఖహ్తానీయే ప్రళయానికి ముందు రావలసిన మహదీ అని ప్రకటించింది. రెండు వారాల పోరులో ఖహ్తానీ చచ్చిపోయాడు. ఆ వెంటనే 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం. జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రవేత్తలు టెలిస్కోపులు సర్దుకుంటుంటే, ఊళ్లలో జనం తలుపులు బిగించుకుని కూర్చున్నారు.

ఎనిమిది నెలల్లో ఇన్ని భయాలు. ఒకే అరుగు మీద కూర్చుని బ్రహ్మంగారి కాలజ్ఞానం, ఖయామత్ నిషానీలు (గుర్తులు) రెండూ మాట్లాడుకునే ప్రాంతం ఇది. బ్రహ్మంగారికి ఇష్టశిష్యుడు దూదేకుల సిద్దయ్య అన్న సంగతి ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. అందుకే ఒక ఇంట్లో పుట్టిన భయం పక్కింటికి పోవడానికి ఎంతో సేపు పట్టదు.

ఇస్లాం మూలగ్రంథాల్లో మాత్రం మాట సూటిగా ఉంది. ఖయామత్ వచ్చి తీరుతుంది. ఎప్పుడన్నది అల్లాహ్‌కు తప్ప ఎవరికీ తెలియదు. ఖురాన్ ఏడో సూరా (అధ్యాయం) 187వ ఆయతు (వాక్యం) ఈ సంగతే చెప్తుంది. ఆ వెంటనే వచ్చే ఆయతులో ప్రవక్త చేత, నాకే గనక కనిపించని సంగతులు తెలిసి ఉంటే ఎంతో మేలు కూడబెట్టుకునేవాణ్ణి, నాకే కష్టమూ తగిలేది కాదు అని చెప్పిస్తుంది. 31వ సూరా చివరి ఆయతు ఇంకా దగ్గరికి వస్తుంది: రేపు తాను ఏం సంపాదిస్తాడో, ఏ నేల మీద చస్తాడో ఏ మనిషికీ తెలియదు.

హదీసులంటే ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనాలు. వాటి సంకలనం సహీహ్ ముస్లింలో ఒక హదీసు ఉంది. జిబ్రీల్ దూత మనిషి రూపంలో వచ్చి ప్రళయం ఎప్పుడని అడిగితే, అడిగేవాడి కంటే తనకు ఎక్కువేమీ తెలియదన్నారు ప్రవక్త. సరే, గుర్తులైనా చెప్పమంటే, కాళ్లకు చెప్పుల్లేని గొర్రెల కాపరులు పోటీ పడి ఎత్తైన కట్టడాలు కడతారన్నది ఒకటి చెప్పారు. నా ఉద్దేశంలో చిక్కంతా ఇక్కడే మొదలైంది. గుర్తులు చెప్పి తారీఖు చెప్పకపోతే మనిషి ఊరుకుంటాడా? దుబాయిలో 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా లేచిననాటి నుంచి ఈ హదీసు పక్కన ఆ ఫొటో పెట్టి పంపనివాళ్లు తక్కువ. ఇంకొకాయన వచ్చి ప్రళయం ఎప్పుడని అడిగితే, దానికోసం నువ్వేం సిద్ధం చేసుకున్నావని ప్రవక్త ఎదురు ప్రశ్న వేసిన సంగతి బుఖారీ అనే మరో హదీసుల సంకలనంలో ఉంది. దాన్ని ఫార్వర్డ్ చేసేవాళ్లు అంతగా కనిపించరు.

జోస్యం వద్దని ఇంత పట్టుదలకు కారణం ఆనాటి అరేబియా. పెళ్లికైనా ప్రయాణానికైనా బాణాలు తీసి చూసుకునేవాళ్లు. కాబాలో హుబల్ విగ్రహం దగ్గర దానికోసమే బాణాలు ఉండేవి. 630లో మక్కా స్వాధీనమైనప్పుడు, లోపల ఇబ్రాహీం, ఇస్మాయీల్ ప్రవక్తల బొమ్మల చేతుల్లోనూ అవే బాణాలు పెట్టి ఉన్నాయి. వాళ్లెన్నడూ బాణాలతో జోస్యం చూసుకోలేదని ప్రవక్త మండిపడి వాటిని తీసేయించారు. ఖురాన్ ఐదో సూరాలో ఈ బాణాలను సారాయి, జూదంతో కలిపి ఒకే ఆయతులో నిషేధించారు. జోస్యగాడి దగ్గరికి పోయి ఏదైనా అడిగినవాడి నమాజు నలభై రాత్రుల దాకా అంగీకారం కాదన్న హదీసు కూడా ఉంది. ఏదైనా పని మొదలుపెట్టాలా వద్దా అని తేల్చుకోలేనివాడికి వీటి బదులు ఇస్తిఖారా నమాజు నేర్పారు. అందులో రేపేం జరుగుతుందో తెలియదు. మేలైనదే జరిపించమని వేడుకోవడమే ఉంటుంది.

గ్రహణం విషయం మరీ స్పష్టం. 632లో ప్రవక్త చిన్న కొడుకు ఇబ్రాహీం చనిపోయిన రోజే సూర్యగ్రహణం పట్టింది. పసివాడి చావుకే సూర్యుడు నల్లబడ్డాడని జనం అనుకున్నారు. ఏ మతస్థాపకుడికైనా అంతకంటే అనువైన సందర్భం దొరకదు. ఆయన మాత్రం ఒకరి చావుకో పుట్టుకకో గ్రహణాలు పట్టవని చెప్పి, జనాన్ని నమాజుకు నిలబెట్టారు.

ఇంత చెప్పినా లెక్కలు ఆగలేదు. ఇస్లాం వచ్చాక లోకానికి ఐదువందల ఏళ్లే మిగిలాయని పాతకాలపు చరిత్రకారుడు తబరీ రాసినదాన్ని, అది తప్పని కాలమే తేల్చిందని 14వ శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ ఎత్తిచూపాడు. ప్రవక్త సమాధిలో వెయ్యేళ్లకు మించి ఉండరన్న పుకారు 15వ శతాబ్దం చివర్లో కైరోను కుదిపేస్తే, జలాలుద్దీన్ సుయూతీ అనే పెద్ద పండితుడు దాన్ని ఖండిస్తూ ఒక చిన్న పుస్తకం రాశాడు. తమాషా ఏమిటంటే, వెయ్యి దాటుతుంది గాని 1500 దాటదని ఆయనా లెక్క తేల్చాడు! హిజ్రీ 1500 మొదలయ్యేది 2076 చివర్లో.

ఆ వెయ్యేళ్ల గడువు మన దక్కను మీద కూడా వాలింది. జౌన్‌పూర్‌కు చెందిన సయ్యద్ ముహమ్మద్ తానే మహదీనని 1496 ప్రాంతంలో మక్కాలో ప్రకటించుకున్నారు. ఆయన్ను నమ్మిన మహదవీలు హైదరాబాద్ చంచల్‌గూడలో ఈనాటికీ ఉన్నారు. నిజాం కాలపు నాయకుడు బహదూర్ యార్ జంగ్ ఆ వర్గంవారే. మహదీ వచ్చి వెళ్లిపోయారన్నది వాళ్ల విశ్వాసం, మిగతా ముస్లింలు ఒప్పుకోరు. హిజ్రీ వెయ్యో ఏడు 1591 అక్టోబరులో మొదలైంది. లోకం ముగుస్తుందన్న గుసగుసలు నడిచిన ఆ ఏడాదే మహమ్మద్ కులీ చార్మినార్ కట్టించి కొత్త ఊరికి ముగ్గు పోశాడు. అట్లాగని దర్బార్లు జోస్యానికి దూరంగా ఏమీ లేవు. పేజీ తెరిచి శకునం చూసుకునే బొమ్మల పుస్తకం, ఫాల్‌నామా, 17వ శతాబ్దం మొదట్లో గోల్కొండలో తయారైందని చెప్పేది ఒకటి ఇప్పటికీ భద్రంగా ఉంది. సుల్తానులు చేసినవాటికి ఫత్వాలు అడ్డం రాలేదు.

వానల సంగతికి వస్తే పాలమూరు రైతుకు ఈ చర్చ నేరుగా తగులుతుంది. మక్కా దగ్గరి హుదైబియాలో ఒక రాత్రి వాన కురిసింది. తెల్లవారి నమాజు అయ్యాక ప్రవక్త ఏమన్నారంటే, అల్లాహ్ దయతో వాన పడిందన్నవాడు విశ్వాసి, ఫలానా నక్షత్రం వల్ల పడిందన్నవాడు ఆ నక్షత్రాన్ని నమ్మినవాడు. అరబ్బులు 28 నక్షత్రాల లెక్కన వాన చూసుకునేవాళ్లు. మనం 27 కార్తెల లెక్కన చూసుకుంటాం. రోహిణిలో రోళ్లు పగలడం, మిరుగు (మృగశిర) నాడు చేపలు తినడం, ఆరుద్రలో విత్తనం గురించి ఆలోచించడం. దేవరకొండ, అచ్చంపేట వైపు చెలకల్లో సాయిబు రైతుకైనా రెడ్డి రైతుకైనా క్యాలెండరు ఇదే. మరి ఇది షిర్కా, అంటే అల్లాహ్‌కు ఇంకొకదాన్ని సాటి చేయడమా? ఇస్లాం న్యాయశాస్త్ర పండితుడు ఇమామ్ షాఫియీ వంటివారు చెప్పిన తేడా నాకు సబబుగా తోస్తుంది. ఫలానా కార్తెలో వాన పడుతుందంటే అది కాలం లెక్క. కార్తే వాన కురిపిస్తుందంటే తప్పు. మిరుగు ఎండిపోయిన ఏడు ఒకవైపు కప్పతల్లి ఆడతారు, మరోవైపు ఈద్గాలో వాన కోసం ఇస్తిస్ఖా నమాజు చదువుతారు. ఆ నమాజు చదివినవాడే మర్నాడు ఆరుద్ర ఎప్పుడొస్తుందని అడిగితే అందులో తప్పుపట్టేదేమీ లేదు.

తేరా తేజీ అట్లా కాదు. సఫర్ నెల మొదటి పదమూడు రోజులు మంచివి కావని పెళ్లిళ్లు, ప్రయాణాలు ఆపుకుంటారు. పన్నెండో రాత్రి దిండు పక్కన గుడ్లు, నూనె, చిల్లర పైసలు పెట్టుకుని పడుకుని, తెల్లారి బీదలకు ఇచ్చేస్తారు. ప్రవక్త జబ్బుపడిన రోజులవి అని చెప్పుకుంటారు. సఫర్‌లో అపశకునం ఏమీ లేదని బుఖారీ హదీసులోనే ఉంది. దానం మంచిదే గానీ, నెలను తిట్టుకోవడం ఎందుకని చాలామంది ఉలమాలు (మత పండితులు) ఏటా చెప్తూనే ఉన్నారు. ఇన్ముల్‌నర్వ జహంగీర్ పీర్, జాన్‌పహాడ్ దర్గాలకు పోయి తాయెత్తు కట్టించుకోవడం మీద వాళ్లలో వాళ్లకే పడదు. ఖురాన్ ఆయతు రాసిన తాయెత్తును కొందరు ఒప్పుకుంటారు, ఖురాన్, హదీసుల మాటనే పట్టుకునే అహ్లె హదీస్ వర్గంవాళ్లు ససేమిరా అంటారు. పోయిన సొమ్ము ఎవరి దగ్గరుందో అంజనం వేసి చెప్తానన్నవాణ్ణి మాత్రం ఏ వర్గమూ సమర్థించదు.

ఇక అన్నిటికంటే మొండిది వసియత్‌నామా (వీలునామా) పేరుతో తిరిగే కరపత్రం. మదీనాలో ప్రవక్త సమాధి దగ్గర ఉండే షేక్ అహ్మద్‌కు కల వచ్చిందట, ప్రళయం దగ్గరపడిందట, ఇది అచ్చు వేయించి పంచితే లాభమట, నమ్మనివాడికి నష్టమట. డచ్ పండితుడు స్నూక్ హుర్‌గ్రోన్యే 1884లోనే దీని మీద రాశాడు. ఈజిప్టులో రషీద్ రిదా, సౌదీలో ఇబ్న్ బాజ్ అనే మత పండితులు ఇది అబద్ధమని ఖండించారు. కరపత్రాలు పోయి జిరాక్సులు వచ్చాయి, జిరాక్సులు పోయి వాట్సాప్ వచ్చింది. షేక్ అహ్మద్‌కు వయసు మీద పడలేదు, ప్రతి తరానికీ నిన్ననే కల వస్తుంది.