చర్చి మెట్ల దగ్గర నిలబడేవాళ్ళ గురించి: అపోహలు - వాస్తవాలు

"ఏమే, చర్చి ముందు ధర్నా చేస్తున్నావంట గదా?" గుంటూరు నుంచి మా పిన్ని ఫోన్. ధర్నా అంటే ఆవిడ లెక్కలో టెంటు, మైకు, దిష్టిబొమ్మ, ఆఖర్న పోలీసు వ్యాను. నేను చేసే పనిలో వ్యాను తప్ప మిగతావేవీ ఉండవు.

ఉండేది అమెరికాలోని ఒహాయోలో. గే, లెస్బియన్, ట్రాన్స్ మనుషులు పాపులనీ, సంఘంలో వాళ్ళకి చోటు లేదనీ బోధించే చర్చిల దగ్గర, ఆ చర్చిల మహాసభల దగ్గర అహింసా పద్ధతిలో నిరసన తెలిపే వలంటీర్లకు పన్నెండేళ్ళుగా శిక్షణ ఇస్తున్నాను. మా తమ్ముడి వల్ల ఇందులోకి వచ్చాను. ఆ కథ వాడిది, వాడు చెప్పుకుంటేనే బావుంటుంది. నాకు తరచూ ఎదురయ్యే అపోహల గురించి మాత్రం రాస్తాను.

అపోహ: వీళ్ళంతా దేవుడంటే గిట్టనివాళ్ళు

దేవుడితో పనిలేనివాళ్ళు ఆదివారం పొద్దున హాయిగా పడుకుంటారు. నా దగ్గరికి వచ్చేది క్వయర్‌లో పాడేవాళ్ళు, సండే స్కూల్ టీచర్లు, గే పిల్లల అమ్మానాన్నలు.

మెల్ వైట్ సంగతే చూడండి. అమెరికాలో గేల మీద విరుచుకుపడిన పెద్ద ప్రసంగీకుల్లో ఒకరైన జెర్రీ ఫాల్వెల్ ఆత్మకథని తెర వెనక ఉండి రాసిపెట్టింది ఈయనే. ప్యాట్ రాబర్ట్‌సన్‌కీ, బిల్లీ గ్రాహమ్‌కీ కూడా రాశారు. తను గే అన్న సంగతి దాచుకుని, మారిపోవాలని ఏళ్ళ తరబడి చికిత్సలు, ప్రార్థనలు అన్నీ చేసి, చివరికి 1998లో జీవిత భాగస్వామి గ్యారీ నిక్సన్‌తో కలిసి సోల్‌ఫోర్స్ అనే సంస్థ పెట్టారు. సత్యాగ్రహాన్ని ఇంగ్లిష్‌లో చెప్పడానికి గాంధీ వాడిన మాటే అది. ఆత్మబలం.

1999 అక్టోబరులో ఆయన 200 మందిని వెంటబెట్టుకుని వర్జీనియాలోని లించ్‌బర్గ్ వెళ్ళారు. ఫాల్వెల్ వైపు నుంచి మరో 200 మంది వచ్చారు. అందరూ ఒకే గదిలో కూర్చున్నారు. ముందు భోజనం పెడదామనుకున్నారు. అలాంటివాళ్ళతో కలిసి తినకూడదని బైబిల్లో వాక్యం ఉందంటూ అభ్యంతరాలు రావడంతో మంచినీళ్ళ సీసాలతో సరిపెట్టారు. ఇక్కడివాళ్ళు ఈ సంగతి నవ్వుతూ చెప్పుకుంటారు. మా పిన్నికి చెబితే ఫోన్లో కాసేపు మాటే లేదు. పక్కన కూర్చోబెట్టుకుని తినకపోవడమంటే ఏమిటో మా పేటలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత కొన్నేళ్ళకి మెల్, గ్యారీ ఇద్దరూ ఫాల్వెల్ చర్చికి ఎదురుగానే ఇల్లు తీసుకుని ఆదివారం ఆరాధనకి వెళ్ళడం మొదలుపెట్టారు. ప్రసంగంలో గేల మీద మాట పడితే లేచి నిలబడేవారు. అంతే, నోరు మెదిపేవారు కాదు.

అపోహ: ఊరికే నిలబడటానికి ట్రైనింగ్ ఎందుకు?

నిలబడి చూడండి, తెలుస్తుంది. ట్రైనింగులో హ్యాసిల్ లైన్ అని ఒకటి ఉంది. రెండు వరుసలు ఎదురెదురుగా నిలబడతాయి. ఒక వరుస అరవాలి, తిట్టాలి, "నీ బిడ్డ నరకానికి పోతాడు" అనాలి. రెండో వరుస ఎదుటి మనిషి ముఖంలోకి చూస్తూ నిలబడాలి. నేను పక్కనుంచి చేతులే చూస్తుంటాను. మొదటి నిమిషం అందరికీ నవ్వొస్తుంది. రెండో నిమిషంలో పిడికిళ్ళు బిగుసుకుంటాయి. ఒకసారి అరవై దాటిన ఒకావిడ, రిటైరైన నర్సు, చేతులు వెనక్కి కట్టుకుని ఎంతో ప్రశాంతంగా నిలబడింది. బ్రహ్మాండంగా చేసిందనుకున్నాను. అయ్యాక చూస్తే అరచేతిలో గోళ్ళు దిగి నాలుగు నెలవంకలు. అప్పట్నుంచి చేతులు వెనక్కి పెట్టుకోనివ్వను, ఎదురుగా కనబడాలి. ఎదుటివాళ్ళకి కూడా ఖాళీ చేతులు కనబడితే కొంత భయం తగ్గుతుంది.

ఇంకో నిషేధం, వాక్యానికి వాక్యం. వాళ్ళు గేలకి వ్యతిరేకంగా బైబిల్లో లేవీయకాండం చదివితే, మనవాళ్ళు అందరూ ఒక్కటేనని చెప్పే గలతీయులకు రాసిన పత్రిక తీస్తారు. ఇక అది బైబిల్ క్విజ్. ఎవరూ మారరు, అందరికీ గొంతు పోతుంది.

ఈ పద్ధతిని అమెరికాలో గట్టిగా నాటినవారు జేమ్స్ లాసన్. మెథడిస్టు అనే ప్రొటెస్టెంటు శాఖకి చెందిన నల్లజాతి పాస్టరు. 1950ల మధ్యలో మూడేళ్ళు నాగపూర్‌లోని హిస్లాప్ కాలేజీలో పనిచేసి, సత్యాగ్రహం గురించి నేర్చుకుని వెనక్కి వెళ్ళారు. నాష్‌విల్‌లో విద్యార్థులకు ఇలాగే తిట్లు, తోపులాటలు ముందే రుచి చూపించారు. 1960లో ఆ పిల్లలు తెల్లవాళ్ళకే వడ్డించే లంచ్ కౌంటర్ల దగ్గర కూర్చున్నారు.

మౌనం అంటే చేతులు ముడుచుకోవడం కాదని చూపించడానికి నేను వాడే ఉదాహరణ లారమీ. 1998 అక్టోబరులో వ్యోమింగ్ రాష్ట్రంలో మాథ్యూ షెపర్డ్ అనే గే కుర్రాణ్ణి చంపేశారు. అంత్యక్రియలకే, గేలని దూషించడమే పనిగా పెట్టుకున్న ఫ్రెడ్ ఫెల్ప్స్ అనే పాస్టరు చర్చివాళ్ళు దూషణల అట్టలు పట్టుకుని వచ్చారు. 1999 ఏప్రిల్‌లో నిందితుడి విచారణకీ వచ్చారు. మాథ్యూ స్నేహితురాలు రొమైన్ ప్యాటర్సన్, ఆమె మిత్రులు పీవీసీ పైపులకి తెల్ల దుప్పట్లు కట్టి దేవదూతల రెక్కలు చేసుకున్నారు. వాటిని తగిలించుకుని ఫెల్ప్స్ మనుషుల చుట్టూ, వాళ్ళకి వీపు చేసి నిలబడ్డారు. రెక్కల వెనక అట్టలు కనబడలేదు. ఒక్క మాట అనలేదు. నన్నడిగితే ఇంతకంటే తెలివైన నిరసన ఇంకోటి లేదు.

అపోహ: అరెస్టు కావడమే వీళ్ళ సరదా

అరెస్టు పనిముట్టు, పతకం కాదు. 2000 మే 10న క్లీవ్‌ల్యాండ్‌లో యునైటెడ్ మెథడిస్టు చర్చి మహాసభ బయట దారికి అడ్డంగా నిలబడి 191 మంది అరెస్టయ్యారు. అందులో లాసన్ గారూ ఉన్నారు. గాంధీ మనవడు అరుణ్ గాంధీ, మార్టిన్ లూథర్ కింగ్ కూతురు యొలాండా కింగ్ కూడా ఆ నిరసనకి వచ్చారు. తోపులాట లేదు. పోలీసులకు ముందే సమాచారం ఉంది, అరెస్టయ్యేవాళ్ళు తమంతట తాము ముందుకొచ్చినవాళ్ళే.

ఇక్కడ చదువుకుంటున్న, హెచ్1బీ మీద ఉన్న మన పిల్లలు వస్తే నేను అరెస్టు వరుసలో నిలబడనివ్వను. ఒక్క అరెస్టు వీసా దగ్గర పెద్ద తలనొప్పి కావచ్చు. నీళ్ళ సీసాలు పంచేవాళ్ళు, లాయరు నంబరు దగ్గర పెట్టుకునేవాళ్ళు, ఎండకి కళ్ళు తిరిగినవాళ్ళని నీడకి చేర్చేవాళ్ళు కూడా కావాలి.

అరెస్టుకి అర్థం ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పడానికి ఒక్క ఉదంతం. 2002 నవంబరులో వాషింగ్టన్‌లో కథోలిక బిషప్పుల సమావేశం సమయంలో సోల్‌ఫోర్స్‌కి చెందిన ముగ్గురికి పూజలో దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా భావించి ఇచ్చే రొట్టె) ఇవ్వలేదు. వాళ్ళు బిషప్పులు దిగిన హోటల్‌కి వెళ్ళి లాబీలో మోకాళ్ళ మీద కూర్చుని, ప్రసాదానికి చాచినట్టే చేతులు చాచారు. అక్రమ ప్రవేశం కింద అరెస్టు చేశారు. 2003 జనవరిలో జడ్జి దోషులనే తేల్చారు, కానీ శిక్ష వెయ్యలేదు. తానూ కథోలికురాలినేనంటూ జరిగినదానికి క్షమాపణ చెప్పారు. ఆ హోటల్లో ఒక్క కేక పడి ఉంటే ఆ కోర్టు గదిలో ఆ మాట వచ్చేది కాదు.

అపోహ: పాస్టర్ల నోరు మూయించాలని చూస్తున్నారు

కాదు. అమెరికా రాజ్యాంగం మొదటి సవరణ ప్రసంగానికీ, మా నిరసనకీ ఒకే గొడుగు. ఫెల్ప్స్ చర్చి సైనికుడి అంత్యక్రియల దగ్గర చేసిన యాగీ కేసులో కూడా సుప్రీంకోర్టు 2011లో 8-1తో మాట్లాడే హక్కు వైపే నిలబడింది. మేం అడిగేది నిషేధం కాదు, ఆ మాట తగిలినవాళ్ళ ముఖాలు ఒకసారి చూడమని.

అపోహ: ఎన్నేళ్ళు నిలబడ్డా ఏమీ మారదు

ఇందులో సగం నిజం ఉంది, అందుకే దీనితోనే నాకు గొడవ. ఫాల్వెల్ 2007లో చనిపోయేదాకా మారలేదు. కథోలిక బోధ ఇప్పటికీ మారలేదు.

మెథడిస్టుల విషయం వేరే. స్వలింగ సంబంధాలు క్రైస్తవ బోధకు విరుద్ధం అన్న వాక్యం 1972లో వాళ్ళ నియమావళిలోకి చేరింది. 2000లో క్లీవ్‌ల్యాండ్ అరెస్టుల తర్వాత కూడా అలాగే ఉంది. 2019లో సెయింట్ లూయిస్ సభలో 438-384తో నిషేధాలు ఇంకా బిగించారు. ఆ సాయంత్రం నా వలంటీర్లు ముగ్గురు ఇక రామని చెప్పారు, నేను ఆపలేదు. 2024 మేలో షార్లట్‌లో గే పాస్టర్ల మీద నిషేధం 692-51తో పోయింది, మర్నాడు ఆ పాత వాక్యమూ పోయింది. ఈలోగా అమెరికాలో 7,600కి పైగా సంఘాలు ఆ చర్చిని విడిచి వెళ్ళిపోయాయి. వ్యతిరేకులు బయటికి వెళ్ళడం వల్ల కూడా ఆ లెక్క తేలింది, అంతా మా మౌనం మహిమే అని చెప్పుకుంటే అబద్ధం. లాసన్ గారు ఆ జూన్‌లో 95 ఏళ్ళ వయసులో పోయారు. ఆ ఓటు చూసే వెళ్ళారు.

నేను గుంటూరు లూథరన్ సంఘంలో పెరిగినదాన్ని కాబట్టి ఇంకో లెక్క మర్చిపోలేను. 2009 ఆగస్టు 19న మినియాపోలిస్‌లో ఇక్కడి ఇవాంజెలికల్ లూథరన్ చర్చి, గే జంటల బంధాల విషయంలో వేర్వేరు అభిప్రాయాలకి చోటిచ్చే లైంగికతపై ప్రకటనని ఆమోదించింది. మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. 676 అవును, 338 కాదు. సరిగ్గా రెండొంతులు, ఒక్క ఓటు ఎక్కువ లేదు. అదే రోజు ఊళ్ళో సుడిగాలి వచ్చి పక్కనే ఉన్న లూథరన్ చర్చి శిఖరం దెబ్బతింది. దేవుడి కోపం అన్నవాళ్ళున్నారు. పరిశుద్ధాత్మ గాలి అన్నవాళ్ళూ ఉన్నారు.

ఇవన్నీ పిన్నికి చెప్పాను. అన్నీ విని, "మరి లోపలి అయ్యగారు ఎప్పుడన్నా బయటికొచ్చి పలకరించాడా?" అంది.

ఒక్కసారి. జనవరి, బయట మంచు. ఎనిమిదిమందిమి నిలబడి ఉన్నాం. ఆరాధన అయ్యాక ఆయనే కాఫీ ఫ్లాస్కు తెచ్చి మెట్ల మీద పెట్టి, ఒక్కొక్కరికీ పోసి ఇచ్చారు. పెద్దగా ఏమీ మాట్లాడలేదు. తర్వాతి ఆదివారం ప్రసంగంలో తేడా లేదు, మేమూ మళ్ళీ వెళ్ళాం.

పిన్ని కాసేపు ఆగి అడిగింది. "వాళ్ళు తాగే కప్పుల్లోనే ఇచ్చాడా?"