టెక్ లీడ్‌లకు కోచింగ్: కొన్ని అపోహలు, వాస్తవాలు

టెక్ లీడ్ అంటే కోడ్ రాస్తూనే ఇంజనీర్ల టీమ్‌నూ నడిపే మనిషి.

అపోహ: కోడ్ బాగా రాసేవాళ్లు టీమ్‌నూ బాగా నడుపుతారు.

వాస్తవం: గూగుల్ 2008లో మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఆక్సిజన్ అనే అధ్యయనంలో మంచి మేనేజర్‌కు 8 లక్షణాలు తేల్చారు. మొదటిది మంచి కోచ్ కావడం, సాంకేతిక నైపుణ్యం ఎనిమిదోది. చివరనైనా అది జాబితాలో ఉందని మరవొద్దు. పని తెలియని లీడ్ మాట ఇంజనీర్లు వినరు.

అపోహ: ఇబ్బంది ఉంటే వాళ్లే చెప్తారు కదా!

వాస్తవం: చెప్పరు. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో, నల్లగొండలో ఐటీ టవర్లు 2023లో మొదలయ్యాయి. ఇట్లాంటి చోట చేరే పిల్లల్లో, ఇంటిల్లిపాదిలో తొలి ఆఫీసు ఉద్యోగం తనదే అయినవాళ్లుంటారు. "ఎంతవరకొచ్చింది?" అంటే "అయితది సార్" అంటారు. ఆ 'అయితది' వెనక రెండు రోజులుగా కదలని పని ఉండొచ్చు.

అందుకే లీడ్‌కు మేం ముందు ప్రశ్న మార్చడం నేర్పుతాం: "ఎక్కడ ఆగింది? ఏమేం చేసి చూసినవ్?" అడిగాక పది సెకన్లు ఊరుకోవాలి. అన్నిటికంటే కష్టం ఇదే. మూడో సెకనుకే లీడ్ చెయ్యి కీబోర్డు మీదికి పోతుంది. బగ్ ఆ పూటకు పోతుంది, కానీ ఆ పిల్లవాడు ఏమీ నేర్చుకోడు. అట్లా నాలుగుసార్లయితే అడగడమే మానేస్తాడు. అప్పుడు సమస్య నేరుగా ప్రొడక్షన్‌లోనే, అంటే జనం వాడే అసలు సిస్టమ్‌లోనే బయటపడుతుంది.

అపోహ: వన్-టు-వన్ (లీడ్, టీమ్‌లో ఒకరు ఇద్దరే కూర్చుని మాట్లాడుకోవడం) అంటే స్టేటస్ రిపోర్టు.

వాస్తవం: ఏ పని ఎంతవరకొచ్చిందో టీమ్ పనుల బోర్డు మీద ఉండనే ఉంటుంది. వారానికి 30 నిమిషాలు పెట్టుకుంటే మొదటి 15 అవతలి మనిషివే. రాత్రి డిప్లాయ్‌మెంట్ (కొత్త కోడ్‌ను సర్వర్‌లో పెట్టడం) అయ్యాక ఊరికి బస్సు దొరుకుతుందా? సద్దుల బతుకమ్మ నాడు రిలీజ్ పడుతోందా? నెల ముందే తెలిస్తే తేదీ జరపొచ్చు. ముందురోజు తెలిస్తే ఎవరో ఒకరి పండుగ పోతుంది.

అపోహ: ఆలస్యమైతే మనుషులను పెంచితే చాలు.

వాస్తవం: 5 మందిలో మాట్లాడుకోవాల్సిన జతలు 10. 10 మందైతే 45. మనుషులు రెట్టింపైతే మాట్లాడుకోవాల్సింది నాలుగు రెట్లు దాటుతుంది, పని చేసే టైం అందులోనే పోతుంది.

అపోహ: మెత్తగా ఉంటే నాణ్యత పడిపోతుంది.

వాస్తవం: సర్వర్ పడ్డాక "ఎవరు చేసిండ్రు?" అంటే అందరూ నోరు మూసుకుంటారు. "ఈ తప్పు ఇంత తేలిగ్గా ఎట్లా జరిగింది?" అంటే టెస్ట్ తెర, ప్రొడక్షన్ తెర ఒకే రంగులో ఉన్నాయన్న సంగతి బయటికొస్తుంది. ఒకరి కోడ్‌ను మరొకరు చూసే కోడ్ రివ్యూలోనూ అంతే. "నువ్వు చూసుకోలేదు" అని రాయొద్దు. "విలువ ఖాళీగా వస్తే ఈ లైన్ దగ్గర ఆగిపోతుంది" అని రాయాలి. టెస్ట్ లేని కోడ్‌ను మాత్రం ఎవరిదైనా సరే, లీడ్‌దైనా సరే, మెయిన్ బ్రాంచ్‌లో (అందరి కోడ్ చేరే అసలు ప్రతిలో) కలపనివ్వొద్దు.