ఆడ గైడా, మగ గైడా: ఉపసంహరించిన పేపర్ మిగిల్చిన వాదన

పరిశోధక విద్యార్థినికి గైడ్‌గా మహిళ ఉంటే మేలా, పురుషుడైతే మేలా అన్న వాదన తార్నాక నుంచి గచ్చిబౌలి దాకా సైన్స్ ల్యాబ్‌లలో మళ్లీ వినిపిస్తోంది. నేటి వాదన మూలం 2020 నవంబరులో ఉంది.

ఆ నెల 17న ‘నేచర్ కమ్యూనికేషన్స్’ సైన్స్ పత్రికలో న్యూయార్క్ యూనివర్సిటీ అబుదాబీ పరిశోధకుల పేపర్ వచ్చింది. సుమారు 30 లక్షల గురుశిష్య జంటలను పరిశీలించామని, మార్గదర్శకుల్లో మహిళల పాలు పెరిగినకొద్దీ యువ పరిశోధకురాళ్ల తరవాతి పేపర్లకు సైటేషన్లు (ఇతర పేపర్లలో ఉటంకింపులు) తగ్గుతున్నాయని అది చెప్పింది. జూనియర్ పేరూ సీనియర్ పేరూ ఒకే పేపర్ మీద కనిపిస్తే చాలు, అది గురుశిష్య బంధంగా లెక్కకెక్కింది. ఈ కొలమానంపై శాస్త్రవేత్తలు తీవ్రంగా అభ్యంతరం చెప్పడంతో డిసెంబరు 21న రచయితలే దానిని ఉపసంహరించుకున్నారు. సహరచన వరకు తమ ఫలితాలు నిలుస్తాయని మాత్రం అన్నారు.

పేపర్ పోయినా దాని తీర్పు మాత్రం ‘కెరీర్ కావాలంటే సార్ దగ్గర చేరమ్మా’ అన్న సలహాగా మిగిలిపోయింది. కొత్తగా పీహెచ్‌డీలో చేరిన అమ్మాయికి పిపెట్‌లో బుడగ రాకుండా ద్రవం ఎత్తడం, జెల్ చిరగకుండా పళ్లెంలోకి జార్చడం నేర్పేది చాలాసార్లు నాలుగో ఏడాది చదువుతున్న సీనియర్ అక్క. ఆమె పేరు ఉంటే థీసిస్ కృతజ్ఞతల పేజీలో ఉంటుంది. పేపర్ మీది పేర్లనే చూసే అలాంటి లెక్కకు ఆమె కనబడదు. డ్రాఫ్ట్ చదవకుండానే, పేపర్ మీద సీనియర్‌కు దక్కే చివరి పేరుగా నిలిచిన ప్రొఫెసర్ కనబడతారు.

విద్యార్థినులు అడుగుతున్నది వేరు. తమను పట్టించుకోని గైడ్‌ను, ఆడైనా మగైనా, భయపడకుండా మార్చుకునే దారి వారికి కావాలి. 2016 యూజీసీ నిబంధనలు పీహెచ్‌డీ చేసే మహిళలకు రెండేళ్ల అదనపు గడువు, 240 రోజుల ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇచ్చాయి; అది నిజమైన మేలే. అయితే స్కాలర్ ప్రగతిని సమీక్షించే సలహా సంఘానికి అవే నిబంధనలు గైడ్‌నే కన్వీనర్‌ను చేశాయి, 2022 నిబంధనలూ ఆ ఏర్పాటును మార్చలేదు. గైడ్ మార్పులను విభాగాలే సర్దుబాటు చేస్తాయన్నది అధికారుల మాట. అలా మారాలనుకునే స్కాలర్ దరఖాస్తు మీద సాధారణంగా ముందు పడవలసింది పాత గైడ్ సంతకమే.