నింటోకు చక్రవర్తి: పొయ్యి పొగ తెచ్చిన కీర్తి, తేలని సమాధి

2019 జులైలో యునెస్కో జపాన్‌లోని మొజు-ఫురుయిచి సమాధి దిబ్బలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మొత్తం 49 దిబ్బలు. అన్నిటికన్నా పెద్దది ఒసాకా పక్కనున్న సకాయి నగరంలో, మూడు కందకాల నడుమ, తాళంచెవి బొరియ ఆకారంలో ఉంది. జాబితాలో దాన్ని నింటోకు చక్రవర్తి సమాధిగానే రాశారు. పురావస్తు పండితుల అభ్యంతరం ఆ పేరు మీదే. లోపలున్నది నింటోకేనని రుజువు లేదంటారు వాళ్లు.

మరి ఆ పేరు ఇంత గట్టిగా ఎలా నిలిచింది?

నింటోకును 16వ చక్రవర్తిగా లెక్కిస్తారు. 720లో పూర్తయిన 'నిహోన్ షోకి' గ్రంథం లెక్కన ఆయన 313 నుంచి 399 దాకా, 87 ఏళ్లు ఏలాడు. ఈ అంకె చూస్తేనే తెలుస్తుంది, ఇది చరిత్ర కన్నా పురాణానికి దగ్గరని. జనం మనసులో నిలిచింది మాత్రం ఒక కథ. నానివాలో, అంటే నేటి ఒసాకాలో, రాజు ఎత్తైన మేడ ఎక్కి చూస్తే ఏ ఇంటి నుంచీ పొగ లేవడం లేదు. జనానికి పొయ్యి వెలిగించే స్తోమత లేదని గ్రహించి మూడేళ్లు పన్నులు, వెట్టి ఆపేశాడు. రాజభవనం గోడలు కూలాయి. కప్పు చిల్లులు పడి, పడక మీద చుక్కల వెలుగు పడేది. బాగు చేయించలేదు. మూడేళ్లకు ఊరంతా పొగ లేచింది. ఇక మనకు లోటు లేదని రాణితో అన్నాడట. పన్ను మాత్రం మరో మూడేళ్లు వసూలు చేయలేదు. ఆ తర్వాత ముసలీ ముతకా సహా జనమే కలప మోసుకొచ్చి భవనం కట్టారని గ్రంథం చెబుతుంది.

చైనా ఆదర్శ రాజుల కథల ఛాయ ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. అయినా పాలకుణ్ణి జనం పొయ్యిని బట్టి కొలిచిన కథ అది. అందుకే బతికిందని నా నమ్మకం. 13వ శతాబ్ది ఆరంభంలో కూర్చిన రాజాస్థాన పద్యసంకలనంలో ఆ పొగ మీద పద్యం నింటోకు పేరుతోనే చేరింది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు బడిపిల్లలకు నీతిపాఠంగా చెప్పారు. 1921 నాటి ఒసాకా నగర గీతంలోనూ ఆ పొగ ఉంది.

సమాధి సంగతి వేరు. దాని పొడవు 486 మీటర్లని చాలాకాలంగా చెబుతున్నారు. పాత పద్ధతిలో కట్టాలంటే రోజుకు గరిష్ఠంగా 2,000 మంది చొప్పున 15 ఏళ్ల 8 నెలలు పడుతుందని ఒక నిర్మాణ సంస్థ 1985లో అంచనా వేసింది. వెట్టి మాన్పించిన రాజుకు ఇంత శ్రమ పోసిన దిబ్బను అంటగట్టడమే వింత. పైగా పురావస్తు ఆధారాలు దీన్ని 5వ శతాబ్దం నడిమి కాలానిదంటున్నాయి. నింటోకు కొడుకు రిచూదని చెప్పే దిబ్బ ఇంతకన్నా పాతది. తండ్రి సమాధి కొడుకు సమాధి కన్నా తర్వాతిదవడం ఎలా కుదురుతుంది? అందుకే పాఠ్యపుస్తకాల్లో ఇప్పుడు ఊరి పేరుతో 'దైసెన్ సమాధి' అని రాస్తున్నారు. అదే సబబు.

చిక్కు విప్పాలంటే లోపల చూడాలి. రాజవంశపు పూర్వీకుల విశ్రాంతి స్థలమంటూ, రాజకుటుంబ వ్యవహారాలు చూసే ప్రభుత్వ శాఖ అయిన రాజగృహ సంస్థ లోనికి అనుమతించదు. 1872లో ముందుభాగం కొంత కూలినప్పుడు ఒక రాతి గది బయటపడితే బొమ్మలు గీసి మళ్లీ మూసేశారు. 2018లో ఆ సంస్థ, సకాయి నగరం కలిసి తొలిసారి తవ్వాయి. ఆ తవ్వకం కందకాల మధ్య గట్టు దగ్గరే ఆగింది.