మంచులో ఊరిన పాలకూర

అమెరికాలోని వెర్మాంట్ నుంచి ఒక పాఠకురాలు రాశారు. ఇంటికి దగ్గర్లోని చిన్న కూరగాయల తోటకు ఫిబ్రవరిలోనే సీజన్ మొత్తానికి డబ్బు కట్టేశారట. ఏప్రిల్ చివర్లో మొదటి పెట్టె వచ్చింది. తెరిచి చూస్తే పాలకూర, కేల్, బఠాణీ చిగుళ్లు, లేత ముల్లంగి, నిరుడు తవ్వి దాచిన క్యారెట్లు. టమాటా, వంకాయల ఊసే లేదు. "ఇదేం బేరం?" అని వాళ్లాయన విసుక్కున్నారు. ఆ పాలకూరతో పప్పు చేస్తే మాత్రం చక్కెర వేశావా అని అడిగారట. గుంటూరు నుంచి వచ్చిన అత్తగారు 'ఏదో మందు కొట్టుంటారు' అని తేల్చేశారు. తోట ఆయనను అడిగితే 'చలికి ఆకు తీపెక్కుతుంది' అన్నాడు. ఇది నిజమా, గిరాకీ కోసం చెప్పే మాటా అన్నది ఆవిడ ప్రశ్న.

నిజమే. అత్తగారి అనుమానం మనకు కొత్తదేం కాదు. ప్రతి వేసవిలో పుచ్చకాయకు రంగు ఇంజెక్షన్ చేస్తున్నారని వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది. సూది గుచ్చిన కాయ లారీ దిగేలోపే కుళ్లడం మొదలవుతుందన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాదు. మొక్క తనంతట తాను చక్కెర తయారుచేసుకుంటుందని నమ్మడం ఎందుకో అంత కష్టం.

ముందే డబ్బు కట్టి, పంటలోని లాభనష్టాలను తోటతో పంచుకునే ఈ పద్ధతి అమెరికాలో 1986లో మసాచుసెట్స్‌లోని ఇండియన్ లైన్ ఫామ్‌తో, న్యూ హాంప్‌షైర్‌లోని టెంపుల్-విల్టన్ తోటతో మొదలైంది. జపాన్‌లో ఇలాంటి ఏర్పాటు అంతకు ముందే ఉంది. డబ్బు సంగతి అంతే. నన్ను పట్టుకున్నది ఆ ఆకు.

అక్కడి పాలకూరను, అంటే స్పినాచ్‌ను, సెప్టెంబరులో పాలీహౌస్‌లో విత్తుతారు. హీటర్ ఉండదు, ప్లాస్టిక్ కప్పు మాత్రమే. మంచు మరీ ఎక్కువైతే మొక్కల మీద ఇంకో పల్చటి గుడ్డ కప్పుతారు. మెయిన్ రాష్ట్రంలో ఎలియట్ కోల్‌మన్ అనే రైతు ఈ పద్ధతిని దశాబ్దాలుగా చేసి చూపించి చాలామందికి నేర్పాడు. అలాంటి పాలీహౌస్‌లోకి జనవరి పొద్దున్నే వెళ్తే గుండె జారిపోతుంది. ఆకులన్నీ నేలకు అతుక్కుని, ముదురు రంగుకు తిరిగి, తడిసిన కాగితాల్లా పడి ఉంటాయి. అంతా పోయిందనిపిస్తుంది. పదింటికి ఎండ తగిలాక అవే ఆకులు లేచి నిలబడతాయి. అవి లేచేదాకా రైతు కత్తి పట్టడు. గడ్డకట్టిన ఆకును కోస్తే అది మళ్లీ తేరుకోదు.

పొద్దున పడిపోయి పదింటికి లేచే ఆ ఆకులో జరిగేది అర్థం కావాలంటే మాగాయ దగ్గరికి వెళ్లాలి. మామిడికాయ చెక్కు తీసి, ముక్కలకు ఉప్పు, పసుపు కలిపి జాడీలో పెడతాం. మూడో రోజుకు ముక్కలు ముడుచుకుపోయి ఊటలో మునిగి ఉంటాయి. నీళ్లు మనం పోయలేదు, ముక్కలోంచే వచ్చాయి. బయట ఉప్పు ఎక్కువ, లోపల తక్కువ. అందుకే నీరు కణత్వచం, అంటే కణం చుట్టూ ఉండే పొర, దాటి బయటికొచ్చింది. దీన్నే ద్రవాభిసరణం అంటారు. బడిలో ఆ పాఠానికి ఎండుద్రాక్ష బొమ్మ గీయిస్తారు, నిర్వచనం కంఠతా పట్టిస్తారు. మూడు మార్కుల ప్రశ్న అది. ఏటా వేసవిలో ఇంట్లో జాడీ నిండా జరిగే ప్రయోగం గురించి ఏ మాస్టారూ ఒక్క ముక్క చెప్పగా నేను వినలేదు.

ఇప్పుడు ఆకు లోపలికి వెళ్దాం. కణాల మధ్య సందుల్లో కొంచెం నీరుంటుంది. అది దాదాపు ఉత్త నీరే, అందులో కరిగినవి చాలా తక్కువ. గడ్డకట్టడానికి ఆసరా ఇచ్చే దుమ్ము, సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా కూడా ఉండేది ఆ బయటి వైపే. కాబట్టి మంచు మొదట అక్కడే పుడుతుంది. ఒకసారి పుట్టిందా, ఇక అది జాడీలో ఉప్పు చేసే పనే చేస్తుంది. నీరు ఆవిరిగా తప్పించుకుపోయే జోరును బాష్పపీడనం అంటారు. సున్నా కంటే దిగువన మంచు బాష్పపీడనం, అదే ఉష్ణోగ్రత దగ్గర ఇంకా ద్రవంగా ఉన్న నీటి బాష్పపీడనం కంటే తక్కువ. మైనస్ 5 డిగ్రీల దగ్గర ఈ తేడా సుమారు 5 శాతం. వినడానికి స్వల్పమే. కానీ పీడనం లెక్కలో చూస్తే డిగ్రీకి దాదాపు 12 అట్మాస్ఫియర్లు (ఒక్కోటి మన మీద గాలి వేసే ఒత్తిడంత), అంటే మైనస్ 5 దగ్గర 60 అట్మాస్ఫియర్ల లాగుడు. కణంలోంచి నీరు బయటికొచ్చి మంచులో కలిసిపోతుంది. కణం ముడుచుకుంటుంది, ఆకు వాలుతుంది. మాగాయ ముక్కకు మూడు రోజులు పట్టే పని ఇక్కడ ఒక్క రాత్రిలో అయిపోతుంది.

'చక్కెర ఉంటే ఆకు గడ్డకట్టదు' అని చాలాచోట్ల రాస్తారు. ఆ మాట నాకు నచ్చదు, లెక్క వేస్తే నిలబడదు కాబట్టి. మోల్ అంటే డజను లాగా అణువులను లెక్కపెట్టే కొలత. కిలో నీటిలో ఒక మోల్ పదార్థం కరిగితే ఘనీభవన స్థానం 1.86 డిగ్రీలు తగ్గుతుంది. కణంలో మామూలుగా 0.4 మోల్ ఉందనుకుందాం. అది మైనస్ 0.74 దగ్గర గడ్డకట్టాలి. చలికి అలవాటుపడి దాన్ని రెట్టింపు చేసుకుంటే మైనస్ 1.49. ఇంత కష్టపడితే మొక్కకు దక్కింది ముప్పావు డిగ్రీ! బయట మైనస్ 5 ఉన్న రాత్రి అది ఏ మూలకు?

అసలు లాభం ఊట లెక్కలో ఉంది. మైనస్ 5 దగ్గర లోపలి ద్రావణం 2.7 మోల్ చిక్కదనానికి చేరేదాకా మంచు నీరు లాగుతూనే ఉంటుంది, ఆ తర్వాత ఆగుతుంది. 0.4తో మొదలైన కణం అక్కడికి చేరేసరికి దాని నీటిలో మిగిలేది 15 శాతం. 0.8తో మొదలైన కణానికి 30 శాతం మిగులుతుంది. కొంచెం ఉప్పుకారం పట్టిన ముక్కను అదే జాడీలో వేస్తే ఊట తక్కువ వస్తుంది కదా, అదే ఇది. 85 శాతం నీరు పోయిన కణంలో పొరలు ఒకదానికొకటి అతుక్కుని చిరుగుతాయి. 30 శాతం మిగిలిన కణం బతికే అవకాశం చాలా ఎక్కువ. మిగిలిన ఆ కాస్త నీటిలోనూ చక్కెర అణువులు పొరల పక్కన చేరి వాటిని అతుక్కోనివ్వవు. కొన్ని ప్రోటీన్లు కూడా ఈ పనిలో ఉంటాయి.

మాగాయ పోలిక ఇక్కడిదాకానే. ఎండబెట్టిన ముక్కను మళ్లీ ఊటలో వేస్తే పీల్చుకుని ఉబ్బుతుంది గానీ దాని కణాలు ఎప్పుడో చచ్చిపోయాయి, ఉప్పు లోపలికి దూరిపోయింది. ఆకు కణం ప్రాణంతో ఉంటుంది. మంచు కరగగానే తన నీటిని తాను వెనక్కి తాగేస్తుంది. పొర చిరిగితే మాత్రం ఆ నీరు సందుల్లోనే ఉండిపోతుంది. ఫ్రిజ్ వెనక గోడకు తగిలిన కొత్తిమీర నల్లబడి జావలా అయ్యేది అందుకే. నిజానికి కొత్తిమీర కొంత చలికి ఓర్చుకునే మొక్కే. బజారు నుంచి వచ్చిన కట్టకు అలవాటుపడే సమయం ఎవరిచ్చారు?

ఆ అలవాటుకు మంచు కూడా అక్కర్లేదు, 5 డిగ్రీల చలి కొన్ని రోజులుంటే చాలు. చలిలో కొత్త ఆకులు వేయడం ముందుగా ఆగిపోతుంది. కిరణజన్య సంయోగక్రియ మాత్రం నెమ్మదిగానైనా సాగుతుంది. తయారైన చక్కెర ఖర్చుకాక పేరుకుంటుంది. పైగా ఆకులో దాచిన పిండిపదార్థాన్ని కూడా ఎంజైములు చక్కెరగా విరుస్తాయి. ఇదంతా జన్యువుల స్థాయిలో జరుగుతుందని 1985లో చార్లెస్ గై బృందం చూపించింది. వాళ్లు ఎంచుకున్న మొక్క కూడా స్పినాచే. నాలుగు రోజులు ఎండ కాస్తే ఈ ఏర్పాటంతా సడలిపోతుంది, తీపీ తగ్గుతుంది.

మన బంగాళాదుంప కూడా ఫ్రిజ్‌లో ఇదే చేస్తుంది. చలికి పిండిలో కొంత గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా మారుతుంది. ఆ దుంపతో వేపుడు చేస్తే త్వరగా నల్లబడుతుంది, అక్రిలమైడ్ అనే హానికర రసాయనం కూడా ఎక్కువ తయారవుతుంది. దుంపలను బయటే ఉంచండి.

మన దగ్గర పాలకూర ఇలా తీపెక్కదేం అంటే, మొదటి సంగతి, మనం తినేది ఎక్కువగా బీట్‌రూట్ జాతి మొక్క, అక్కడి స్పినాచ్ వేరు. రెండోది, మన మైదానాల్లో అంత చలి లేదు. లంబసింగిలో డిసెంబరు, జనవరి నెలల్లో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడుతుంది. అక్కడ ఎవరైనా స్పినాచ్ వేస్తే రుచి చూడాలని నాకు ఆశ.

ఇక పెట్టెలో టమాటా ఎందుకు లేదంటే, దానికి ఈ విద్య రాదు. టమాటా, వంక, బెండ, గోంగూర వేడి దేశాల మొక్కలు. మంచు దాకా అక్కర్లేదు, 10 డిగ్రీలకు దిగితేనే వాటి పొరల్లోని కొవ్వులు బిగుసుకుని పని చెడుతుంది. స్పినాచ్ విత్తనం 2, 3 డిగ్రీల నేలలో కూడా ఆలస్యంగానైనా మొలుస్తుంది. బెండకు 16 కావాలి. వెర్మాంట్‌లో మే నెలాఖరు దాకా మంచు భయం పోదు. పౌర్ణమి నాడు మంచు పడుతుందని, మే పౌర్ణమి దాటాకే టమాటా నారు నాటాలని అక్కడి పాత రైతులంటారు. మన కార్తెల్లాంటి లెక్క. చంద్రుడికి దీనితో పనిలేదు. మబ్బు లేని రాత్రి నేల వేడి ఆకాశంలోకి పోయి చలి పెరుగుతుంది. చంద్రుడు బాగా కనిపించేదీ మబ్బు లేని రాత్రే.

ఆవిడకు రెండు మాటలు. తియ్యటి ఆకు పప్పుకు పులుపు కాస్త ఎక్కువ పడాలి. మే నెల పెట్టెల్లో రూబార్బ్ అనే మొక్క పుల్లటి కాడలొస్తే చింతపండుకు బదులు అవి వేసి చూడండి. ఆకులు మాత్రం వేయకండి, అవి విషం. జూన్‌లో పాలకూర ఆగిపోతే రైతును తిట్టుకోవద్దు. హైదరాబాద్‌లో అతి పెద్ద పగలు 13 గంటల పైచిలుకు, అక్కడ 15 దాటుతుంది. పగలు 14 గంటలకు చేరాక స్పినాచ్ ఆకు వేయడం మానేసి పూతకాడ తీస్తుంది, ఆకు చేదెక్కుతుంది. రైతు ఆ మడి దున్నేసి బీన్స్ వేస్తాడు. గోంగూర కావాలంటే విత్తనం మీరే ఇవ్వండి, ఆగస్టుకు కోతకొస్తుంది.