'పెట్రోలు తేడా, నడిపితే సర్దుకుంటుంది': ఇంజన్ మిస్సింగ్‌పై అపోహలు - వాస్తవాలు

మా షెడ్డు ఒడిశాలోని కోరాపుట్ జిల్లా సిమిలిగుడలో ఉంది. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి, పొట్టంగి మీదుగా ఇక్కడికి చేరేసరికి కొన్ని కార్లలో ఒక సిలిండరు పనిచేయడం మానేసి ఉంటుంది. మిస్సింగ్ అంటే ఇదే. సెలవు రోజుల్లో దేవమాలి కొండ చూడడానికి వచ్చే విశాఖ బండ్లు, పెళ్లిళ్ల సీజన్‌లో జయపురం వెళ్లే పార్వతీపురం, బొబ్బిలి బండ్లు ఎక్కువ. 'గాడీ ఝట్కా మారుచి' అని ఒడియాలో చెప్పేవాళ్లూ, 'మిస్సింగ్ వస్తోందండీ, లాగడం లేదు' అని తెలుగులో చెప్పేవాళ్లూ, ఆ వెంటనే అనే మాట ఒకటే. "ఒడిశా పెట్రోలు పోయించాం, అందుకే ఇలా అయింది. ఈ ట్యాంకు అయిపోతే సర్దుకుంటుందట కదా?"

అపోహ: మిస్సింగ్ అంటే పెట్రోలు కల్తీ. ఆ పెట్రోలు అయిపోయేదాకా నడిపితే చాలు.

జనం జేబులు ఎక్కువగా ఖాళీ చేస్తున్నది ఈ ఒక్క మాటే.

ఆంధ్రా కంటే ధర తక్కువని చాలామంది ఘాట్ దిగే ముందు ఇక్కడే ట్యాంకు నింపుకుంటారు. మళ్లీ ఎప్పుడో ఎక్కేటప్పుడు బండి కొట్టుకుంటే ముందు గుర్తొచ్చేది ఆ బంకే. అసలు సంగతి వేరు. ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కుతాం. సిలిండర్లో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో ప్లగ్గు గ్యాప్ దాటి నిప్పురవ్వ రావాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. ప్లగ్గుకు ఆ వోల్టేజీ ఇచ్చేది కాయిల్. బలహీనపడిన కాయిల్ సాలూరు దాకా చదును రోడ్డు మీద నెట్టుకొస్తుంది, ఘాట్ మొదలవగానే చేతులెత్తేస్తుంది. అరిగిన ప్లగ్గుదీ అదే తీరు.

నీళ్లు కలిసిన పెట్రోలు రాదని కాదు, వస్తుంది. కానీ దాని లక్షణం వేరు. పోయించిన కాసేపటికే మొదలవుతుంది. ఒక్క సిలిండరుతో ఆగదు. ఆగిన బండి మళ్లీ స్టార్ట్ కావడమే కష్టమవుతుంది. అనుమానం ఉంటే ట్యాంకులోంచి కొంచెం తీయించి, గాజు సీసాలో పోసి పావుగంట కదపకుండా ఉంచండి. నీరు చేరి, పెట్రోల్లో కలిపే ఇథనాల్ విడిపోయి ఉంటే అడుగున వేరే పొర కనిపిస్తుంది. బంకులో ఫిల్టర్ పేపర్ పరీక్ష, డెన్సిటీ చూపించమని అడిగే హక్కు మీకుంది. అడగడానికి మొహమాటపడకండి.

ఇక మిస్సింగ్‌తోనే నడిపితే ఏమవుతుందో చూడండి. మండని పెట్రోలు, దానితోపాటు వాడని గాలి నేరుగా కాటలిటిక్ కన్వర్టర్‌లోకి (పొగను శుద్ధి చేసే డబ్బా) వెళ్లి అక్కడ మండుతాయి. మామూలుగా 400 నుంచి 800 డిగ్రీల మధ్య పనిచేసే ఆ డబ్బా వేడి వెయ్యి డిగ్రీలు దాటిపోతుంది. లోపలి సిరామిక్ తేనెపట్టు కరిగి ముద్దవుతుంది. పొగ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. అప్పుడు అసలు జబ్బు నయం చేసినా బండి లాగదు. చెక్ ఇంజన్ లైటు నిలకడగా వెలిగితే త్వరగా చూపించుకోండి. మిణుకుమిణుకుమంటే మాత్రం కన్వర్టర్‌ను పాడుచేసే స్థాయిలో మిస్సింగ్ ఉందని బండి చెబుతున్నట్టు. ఇక నడపకూడదు.

రెండేళ్ల క్రితం ఒక టీచరు గారి కుటుంబం జయపురంలో మేనకోడలి పెళ్లికి వెళ్తోంది. ఘాట్‌లోనే లైటు మిణుకుమంది. బండిలో ఉన్న పెద్దాయన "పెట్రోలు తేడా, పోనీయ్" అన్నారట. వెళ్లారు, నాలుగు రోజులు అక్కడే తిరిగారు. తిరుగు ప్రయాణంలో కోరాపుట్ దాటాక బండి రెండో గేరులో కూడా ఎక్కలేక మా దగ్గరికి ఈడ్చుకుంటూ వచ్చింది. కుళ్లిన గుడ్ల వాసన. స్కానర్ పెడితే పీ0303, అంటే మూడో సిలిండరు. దాని కాయిల్ తీసి రెండో దానికి, రెండో దానిది మూడో దానికి మార్చాను. కోడ్ పీ0302కి మారింది. దోషం కాయిల్‌దేనని తేలింది. కొత్తది వేశాక ఇంజన్ నున్నగా తిరిగింది, కానీ రోడ్డు మీద బండి లాగడం లేదు. కన్వర్టర్ ముందున్న ఆక్సిజన్ సెన్సర్ విప్పి, ఆ రంధ్రంలోంచి పొగ పోనిస్తూ నడిపి చూస్తే బండి లాగింది. దారి ఎక్కడ మూసుకుపోయిందో అర్థమైంది. రెండు మూడు వేలతో పోవలసిన పని పదుల వేలకు చేరింది. టీచరు గారు ఖర్చు విని ఏమీ అనలేదు, అలా బెంచీ మీద కూర్చుండిపోయారు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

ఆ పెద్దాయన తప్పు అని నేను అనను. నేను విజయనగరంలో పని నేర్చుకున్నప్పుడు కార్బురేటర్ బండ్లకు కన్వర్టరే లేదు. మిస్సింగ్‌తో వంద కిలోమీటర్లు నడిపినా పోయేది కాస్త పెట్రోలే. నడుస్తున్న ఇంజన్ మీద ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటిగా లాగి, పనిచేయని సిలిండరును పట్టుకోవడం మా గురువుగారు నేర్పించారు. ఈ కాలం బండ్లకు అలా చేయకూడదు. షాక్ కొడుతుంది, కాయిల్ పోతుంది. మీ మెకానిక్ అలా చేయబోతే ఆపండి.

అపోహ: బ్యాటరీ టెర్మినల్ తీసి పెడితే లైటు పోతుంది, జబ్బూ పోతుంది.

లైటు ఒక్కటే పోతుంది. ఏ వేగంలో, ఎంత లోడులో మిస్ అయిందో కంప్యూటర్ రాసుకున్న వివరం కూడా చెరిగిపోతుంది. దయచేసి ఈ పని చేయకండి, మాకు దారి చూపేది ఆ వివరమే.

అపోహ: కొండ ఎక్కితే ఏ బండికైనా పికప్ ఉండదు.

సగం నిజం. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది. టర్బో లేని ఇంజను బలం ఇక్కడ సుమారు పదోవంతు తగ్గుతుంది. కానీ అది సమానంగా తగ్గుతుంది. కుదుపు ఉంటే దానికి కారణం ఎత్తు కాదు.

అపోహ: కోడ్ వచ్చిందంటే ఆ పార్టు మార్చేయాలి.

కోడ్ సిలిండరును చూపిస్తుంది, పార్టును కాదు. ప్లగ్గు, కాయిల్, ఇంజెక్టర్, కాంప్రెషన్, ఏదైనా కావచ్చు. వానాకాలంలో ఎలుకలు కొరికిన వైర్లు మా దగ్గర తరచూ కనిపిస్తాయి. ప్రెషర్ వాటర్‌తో ఇంజన్ కడిగించిన మర్నాడే వచ్చేవాళ్లూ ఉన్నారు. ప్లగ్గు గుంటల్లో నీళ్లు నిలుస్తాయి. టాపెట్ కవర్ గ్యాస్కెట్ కారితే అదే గుంటల్లో ఆయిల్ చేరుతుంది. పెట్రోల్లో కలిపే యాడిటివ్ సీసాలు వీటిలో దేన్నీ బాగుచేయవు.

డీజిల్ బండ్ల సంగతి వేరే. వాటిలో పికప్ పోతే ఎక్కువగా టర్బో గొట్టాలు, ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే వాల్వు), డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) చూడాలి.

పిల్లలు బండిలో ఉన్నప్పుడు ఘాట్ మలుపులో లైటు మిణుకుమంటే టెన్షన్ పడడం సహజం. ముందు యాక్సిలరేటర్ నుంచి కాలు తీయండి. వెడల్పున్న చోట పక్కకు ఆపండి. ఎండుగడ్డి మీద ఆపకండి, కింద కన్వర్టర్ కాలుతూ ఉంటుంది, మంట అంటుకోవచ్చు. లైటును ఫోన్‌లో వీడియో తీసి, ఇంజన్ ఆపేసి, ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందేమో చూసి ఫోన్ చేయండి. సాలూరు వైపు దిగుడే కదా అని ఇంజన్ ఆపి న్యూట్రల్‌లో దించే ఆలోచన మాత్రం వద్దు. ఇంజన్ లేకపోతే రెండు మూడుసార్లు తొక్కేసరికి బ్రేకు బండలా గట్టిపడుతుంది, ఆ ఘాట్‌లో మలుపులు చాలా ఉన్నాయి.